150 రావలసిన చోట 12030: వెబ్ ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్



వెబ్ ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్న ఒక విద్యార్థి కిరాణా కొట్టుకు పనికొచ్చే చిన్న వెబ్ పేజీ తయారు చేశాడనుకుందాం. అందులో మూడు గళ్లు. మొదటి గడిలో కిలో బియ్యం ధర, రెండో గడిలో ఎన్ని కిలోలు కావాలో, మూడో గడిలో డెలివరీ ఖర్చు రాయాలి. కింద ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే బిల్లు ఎంతో చెప్పాలి. ధర 60 రూపాయలు, బియ్యం 2 కిలోలు, డెలివరీ 30 రూపాయలు. నోటి లెక్కన 150. బటన్ నొక్కితే తెర మీద కనిపించింది 12030.

విద్యార్థి తను రాసిన వరుసలను మళ్లీ మళ్లీ చదువుతాడు. ధరను కిలోలతో గుణించమన్నాడు, వచ్చినదానికి డెలివరీ ఖర్చు కలపమన్నాడు. సూత్రంలో తప్పేమీ లేదు. కంప్యూటర్ కూడా చెప్పింది చెప్పినట్టే చేసింది. చిక్కంతా ఆ మూడు విలువలను పట్టుకున్న వేరియబుళ్లలో ఉంది.

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో చేరినా, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కూర్చున్నా, ఇంట్లో ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నా, వెబ్ ప్రోగ్రామింగ్‌లో తొలి పాఠాల్లో వేరియబుల్ తప్పక ఉంటుంది. కాసేపట్లో ఆ పాఠం ముగించి ముందుకు వెళ్లిపోతారు. అక్కడ చెప్పకుండా వదిలేసిన సంగతులే తర్వాత చాలాకాలం ఏడిపిస్తాయి. ప్రతి వేరియబుల్ గురించీ మూడు ప్రశ్నలు అడగడం అలవాటైతే ఆ తిప్పలు చాలావరకు తప్పుతాయి. అందులో ఉన్నది ఏ రకం విలువ? అది ఎవరికి కనిపిస్తుంది? ఎంతసేపు ఉంటుంది?

వేరియబుల్ అంటే ప్రోగ్రాములో ఒక విలువకు పెట్టుకున్న పేరు. జావాస్క్రిప్ట్‌లో లెట్ అని రాసి, పక్కన ధర అని పేరు రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి 60 అని రాస్తే, ఆ క్షణం నుంచి ధర అన్నచోటల్లా 60 అని అర్థం. ఆ పేరు తెలుగు లిపిలో రాసినా చెల్లుతుంది. జావాస్క్రిప్ట్ యూనికోడ్ అక్షరాలను పేర్లలో అనుమతిస్తుంది కనుక ధర, మొత్తం, బియ్యం అన్నవన్నీ సక్రమమైన వేరియబుల్ పేర్లే. నలుగురు కలిసి పనిచేసే చోట మాత్రం అందరికీ చదవడానికి వీలుగా ఇంగ్లీషు అక్షరాలే వాడుతున్నారు.

బడిలో బీజగణితం చదివినవాళ్లు ఈక్వల్ గుర్తు దగ్గర కాస్త ఆగాలి. ఎక్స్ ఈక్వల్ ఎక్స్ ప్లస్ 1 అని లెక్కల నోటుబుక్కులో రాస్తే మాస్టారు కొట్టేస్తారు. ఏ సంఖ్యా తనకన్నా ఒకటి ఎక్కువ కాలేదు. ప్రోగ్రాములో అదే వరుస రోజుకు వందసార్లు రాస్తారు. ఎందుకంటే అక్కడ ఆ గుర్తు రెండు వైపులా సమానమని చెప్పడం లేదు. కుడివైపు లెక్క ముందు పూర్తిచేసి, వచ్చిన ఫలితాన్ని ఎడమవైపు పేరుకు ఇమ్మని ఆదేశిస్తోంది. సమానమా కాదా అని అడగాలంటే ఆ గుర్తును రెండుసార్లు గానీ మూడుసార్లు గానీ రాయాలి. మూడు ఈక్వల్ గుర్తులు విలువతోపాటు రకం కూడా ఒకటేనా అని చూస్తాయి. 1999 డిసెంబరులో వచ్చిన మూడో ప్రామాణిక సంచికతో అవి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరాయి. కొత్తవాళ్లు మూడింటినే అలవాటు చేసుకోవడం క్షేమం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఏ రకం విలువ?

వెబ్ పేజీ గడిలో ఎవరు ఏం టైపు చేసినా ప్రోగ్రాము చేతికి అది అక్షరాల వరుసగానే అందుతుంది. దీన్నే స్ట్రింగ్ అంటారు. గడిని అంకెల కోసమే కేటాయించినా, దాని వాల్యూ అడిగితే వచ్చేది స్ట్రింగే. అంటే మన విద్యార్థి దగ్గరున్నది అరవై అనే సంఖ్య కాదు, ఆరు, సున్నా అనే రెండు అక్షరాలు. గుణకారం గుర్తుకు అక్షరాలతో చేసే పని ఏదీ లేదు కాబట్టి, జావాస్క్రిప్ట్ వాటిని తనంతట తానే సంఖ్యలుగా మార్చుకుని 120 ఇచ్చింది. ప్లస్ గుర్తుకు రెండు పనులున్నాయి. సంఖ్యలైతే కూడుతుంది, స్ట్రింగులైతే పక్కపక్కన అతికిస్తుంది. రెండింటిలో ఒక్కటి స్ట్రింగైనా అతికించే పనికే దిగుతుంది. అలా 120 పక్కన 30 చేరి 12030 అయింది. గుణకారం సరిగా రావడం వల్లే విద్యార్థికి అనుమానం రాలేదు. లోపం అక్కడే ఉన్నా కూడిక దగ్గర బయటపడింది.

ఇదే లెక్క పీహెచ్‌పీలో రాస్తే 150 వస్తుంది. ఆ భాషలో అతికించడానికి చుక్క గుర్తు వేరుగా ఉంది కాబట్టి, ప్లస్ ఎప్పుడూ కూడికే చేస్తుంది. పైథాన్‌లో రాస్తే ఏ జవాబూ రాదు. స్ట్రింగును స్ట్రింగుతో గుణించడం కుదరదని మొదటి మెట్టులోనే ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఒకే సమస్యకు మూడు భాషలు మూడు రకాలుగా స్పందించాయి. ఏదో ఒక భాషలో వచ్చిన అలవాటును ఇంకో భాషలోకి కళ్లు మూసుకుని తీసుకెళ్లకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జావాస్క్రిప్ట్ ఇంత ఉదారంగా ఉండడానికి దాని పుట్టుకలో కారణం ఉంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశారు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, ఆ డిసెంబరుకు జావాస్క్రిప్ట్ అని స్థిరపరిచారు. వృత్తి ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా తమ పేజీల్లో నాలుగు వరుసలు రాసుకోవాలని, చిన్న పొరపాటుకే పేజీ ఆగిపోకూడదని అప్పటి ఉద్దేశం. ఆ సౌకర్యమే ఇవాళ కొత్తవాళ్లకు తెలియకుండా తప్పులను కప్పేస్తోంది.

పరిష్కారం తేలికే. గడిలోంచి తీసుకున్న ప్రతి విలువనూ నంబర్ అనే ఫంక్షన్‌కు ఇచ్చి, సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే వేరియబుల్‌లో ఉంచుకోవాలి. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. మామూలు గడిలో ఎవరైనా 2 కిలోలు అని అక్షరాలతో కలిపి రాస్తే నంబర్ ఫంక్షన్ దాన్ని సంఖ్యగా ఒప్పుకోదు. తెలుగు అంకె ౨ రాసినా ఒప్పుకోదు. సంఖ్య కాదు అనే అర్థం వచ్చే నాన్ అనే ప్రత్యేక విలువ ఇస్తుంది. దానితో ఏ లెక్క చేసినా మళ్లీ అదే వస్తుంది. బిల్లులో అంకెకు బదులు నాన్ కనిపించిందంటే, ఎక్కడో ఒక స్ట్రింగు సంఖ్య కాలేకపోయిందని పోల్చుకోవాలి.

సంఖ్యలుగా మార్చడం ఎంత ముఖ్యమో, వేటిని మార్చకూడదో తెలియడమూ అంతే ముఖ్యం. విజయవాడ ఎస్‌టీడీ కోడ్ 0866, హైదరాబాద్‌ది 040. వీటిని సంఖ్యలుగా దాచుకుంటే ముందున్న సున్నా పోయి 866, 40 మిగులుతాయి. ఫోన్ నంబరు, పిన్‌కోడ్, ఆధార్ నంబరు పేరుకు నంబర్లే గానీ వాటిని ఎవరూ కూడరు, గుణించరు. లెక్కకు పనికిరానిదాన్ని స్ట్రింగుగానే ఉంచాలి.

ఫోన్ నంబరు విషయంలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. మై ఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఇంట్ అనే మామూలు పూర్ణసంఖ్య రకానికి 32 బిట్ల చోటు ఉంటుంది. రుణసంఖ్యలకూ అందులోనే చోటివ్వాలి కాబట్టి అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన దేశంలో మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6, 7, 8, 9 అంకెల్లో ఏదో ఒకదానితో మొదలవుతాయి. కాబట్టి ఏ ఒక్క మొబైల్ నంబరూ ఆ హద్దులో ఇమడదు. డేటాబేసు కఠిన పద్ధతిలో ఉంటే ఎర్రర్ ఇస్తుంది. సడలింపు పద్ధతిలో ఉంటే ఆ హద్దు సంఖ్యనే రాసేస్తుంది. అప్పుడు ఖాతాదారులందరి ఫోన్ నంబరూ 2147483647 అయి కూర్చుంటుంది.

ఈ హద్దు యూట్యూబ్‌నూ తాకింది. కొరియా గాయకుడు సై పాడిన గంగ్నమ్ స్టైల్ వీడియో 2012 జులైలో వచ్చింది. దాని వీక్షణల లెక్క 2014 చివరికల్లా సరిగ్గా ఆ 214 కోట్ల చిల్లర హద్దు దగ్గరకు వచ్చింది. వీక్షణల లెక్కను 32 బిట్ల సంఖ్యగా ఉంచినప్పుడు ఒక వీడియోను అన్నిసార్లు చూస్తారని తాము అనుకోలేదని యూట్యూబ్ ఆ డిసెంబరులో చెప్పింది. అప్పటికే లెక్కను 64 బిట్లకు మార్చుకుంది. కొత్త హద్దు పాతదానికి 400 కోట్ల రెట్లకు పైమాటే.

జావాస్క్రిప్ట్ సంఖ్యలకూ హద్దుంది. ఒక్క తేడా కూడా లేకుండా అది దాచుకోగల పూర్ణసంఖ్యల వరుస 9007199254740991 దగ్గర ముగుస్తుంది. అది 16 అంకెల సంఖ్య. పదహారు తొమ్మిదులు వరసగా రాసి జావాస్క్రిప్ట్‌కు ఇస్తే, ఒకటి పక్కన పదహారు సున్నాలు కనిపిస్తాయి. 2010లో ట్విట్టర్ తన ట్వీట్ల గుర్తింపు సంఖ్యలను 64 బిట్లకు పెంచినప్పుడు ఇదే చిక్కు వచ్చి, ప్రతి సంఖ్యతోపాటు దాని స్ట్రింగు రూపాన్ని కూడా పంపడం మొదలుపెట్టింది.

డబ్బు దగ్గర దశాంశాలు ఇంకో తలనొప్పి. 0.1కి 0.2 కలపమంటే జావాస్క్రిప్ట్ 0.30000000000000004 అంటుంది. యంత్రం ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది కాబట్టి పదో వంతును కచ్చితంగా రాయలేదు, దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. పైథాన్‌లోనూ జావాలోనూ ఇదే జవాబు. అందుకే లావాదేవీల ప్రోగ్రాములు రూపాయలను పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా ఉంచుకుంటాయి. రేజర్‌పే వంటి చెల్లింపు సేవకు 150 రూపాయల బిల్లు పంపాలంటే 15000 అని పైసల్లో రాయాలి. ఆ వేరియబుల్‌కు మొత్తం అని కాకుండా మొత్తం పైసల్లో అని పేరు పెట్టుకుంటే చదివేవారికి సందేహం ఉండదు. కొలమానం పట్ల అజాగ్రత్త ఎంత నష్టం తెస్తుందో 1999 సెప్టెంబరు 23న నాసా చూసింది. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం బ్రిటిష్ కొలతల్లో సంఖ్యలు ఇస్తే, వాటిని వాడుకునే భాగం మెట్రిక్ కొలతలుగా తీసుకుంది. నౌక అంగారకుడి దగ్గరే నాశనమైంది.

తెలుగులో పేజీలు చేసేవారు స్ట్రింగుల గురించి ఒక మాట గుర్తుంచుకోవాలి. తెలుగు అని రాసి దాని పొడవెంత అని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 6 అంటుంది. కంటికి కనిపించే అక్షరాలు మూడే. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు విడి సంకేతాలు ఉంటాయి, జావాస్క్రిప్ట్ వాటినీ లెక్కిస్తుంది. స్త్రీ అన్న ఒక్క అక్షరానికీ పొడవు 6. సకారం, తకారం, రకారం, మధ్యలో రెండు పొల్లులు, చివర దీర్ఘం గుర్తు. పేరు గడికి 20 అక్షరాల హద్దు పెట్టిన పేజీలో ఇంగ్లీషులో పట్టే పేరు తెలుగులో రాస్తే మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే. మన భాషలో ఫారాలు చేసేవారు ఈ హద్దును ఉదారంగా పెంచి, తెలుగు పేర్లతోనే పరీక్షించి చూడాలి.

ఇక ఒకే విలువకు రెండు పేర్లు ఉండే సందర్భం. ఇంట్లో చంటి అని పిలిచే పిల్లవాడి పేరు బడి రిజిస్టరులో సత్యనారాయణ. చంటికి జుట్టు కత్తిరిస్తే బడికి వెళ్లే సత్యనారాయణ తలా పొట్టి జుట్టుతోనే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో జాబితాలు, ఆబ్జెక్టులు ఇలాగే నడుస్తాయి. సరుకుల జాబితాకు బుట్ట అని పేరు పెట్టి, తర్వాత పాతబుట్ట ఈక్వల్ బుట్ట అని రాస్తే జాబితా రెండు కాదు, పేర్లు మాత్రమే రెండవుతాయి. బుట్టలో కందిపప్పు చేరిస్తే పాతబుట్టలోనూ కనిపిస్తుంది. మామూలు సంఖ్యలకు, స్ట్రింగులకు ఈ బాధ లేదు. లెట్‌కు బదులు కాన్‌స్ట్ అనే మాటతో ప్రకటించిన జాబితాలోకి కొత్త సరుకు ఎలా చేరిందని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. ఆ పేరును మరో విలువకు ఇవ్వకుండా కాన్‌స్ట్ ఆపుతుంది, లోపలి సరుకు మారకుండా ఆపదు.

రెండో ప్రశ్న, ఎవరికి కనిపిస్తుంది?

2015 జూన్‌కు ముందు జావాస్క్రిప్ట్ ప్రమాణంలో వేరియబుల్ ప్రకటించడానికి వార్ అనే మాట ఒక్కటే ఉండేది. దానితో ప్రకటించిన పేరు ఫంక్షన్ అంతటా కనిపిస్తుంది. ఆ జూన్‌లో వచ్చిన ప్రామాణిక సంచిక లెట్, కాన్‌స్ట్ అనే మాటలు తెచ్చింది. వీటితో ప్రకటించిన పేరు దాని చుట్టూ ఉన్న మీసాల బ్రాకెట్ల మధ్య మాత్రమే కనిపిస్తుంది. మొదట కాన్‌స్ట్‌తో మొదలుపెట్టి, విలువ మారక తప్పనప్పుడు లెట్ రాయడం ఇప్పటి మంచి అలవాటు.

ఏ మాటా లేకుండా పేరు రాసి విలువ ఇస్తే మాత్రం ప్రమాదం. టోటల్ అని సున్నా విలువతో ప్రకటించి, కింద పొరపాటున ఒక అక్షరం వదిలి రాస్తే, పాత పద్ధతిలో నడిచే జావాస్క్రిప్ట్ నోరు మెదపకుండా ప్రోగ్రాము అంతటికీ కనిపించే కొత్త వేరియబుల్‌ను పుట్టిస్తుంది. అసలు టోటల్ సున్నా దగ్గరే ఆగిపోతుంది. ఫైలు పైన యూజ్ స్ట్రిక్ట్ అనే సూచన రాస్తే అలాంటి తప్పుకు వెంటనే ఎర్రర్ వస్తుంది. 2009 నుంచి ఈ సదుపాయం ఉంది. కాపిటల్ అక్షరంతో మొదలైన టోటల్ వేరు, స్మాల్ అక్షరంతో మొదలైనది వేరు అన్నది కూడా మరవకూడదు. మన లిపిలో ఈ తేడా లేదు కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి.

మూడో ప్రశ్న, ఎంతసేపు ఉంటుంది? వెబ్‌కు ఇది అన్నిటికన్నా కీలకం.

పేజీని రిఫ్రెష్ చేస్తే జావాస్క్రిప్ట్ వేరియబుళ్లన్నీ పోతాయి. సర్వరులో నడిచే పీహెచ్‌పీ వేరియబుళ్లకు ఇంకా తక్కువ ఆయుష్షు. పేజీని తయారు చేసి పంపగానే వాటి పని ముగుస్తుంది. బ్రౌజర్‌లోని ధర, సర్వరులోని ధర పేరు ఒకటే అయినా వేరువేరు యంత్రాల్లో ఉంటాయి, ఒకటి మారితే రెండోదానికి తెలియదు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతిలో ప్రతి అభ్యర్థనా దేనికదే, ముందు వచ్చినదాని జ్ఞాపకం ఉండదు. వాడుకరిని గుర్తుపట్టడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటూలీ బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచార ముక్కలైన కుకీలను రూపొందించారు. బుట్టలో వేసిన సరుకు రేపటికీ ఉండాలంటే దాన్ని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజిలోనో సర్వరు డేటాబేసులోనో రాసుకోవాలి, వేరియబుల్ మీద ఆధారపడకూడదు.

భద్రత కూడా ఇక్కడే తేలుతుంది. బ్రౌజర్‌లో ఉన్న ఏ వేరియబుల్‌నైనా ఆ కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి మార్చగలడు. కిలో 60 అని ఉన్న ధరను 6 చేసి ఆర్డరు పంపగలడు. కాబట్టి బ్రౌజర్ పంపిన మొత్తాన్ని నమ్మకుండా సర్వరు తన దగ్గరున్న ధరతో మళ్లీ లెక్కకట్టాలి. పీహెచ్‌పీ ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. బ్రౌజర్ చిరునామా పట్టీలో ఎవరు ఏ పేరు రాసి పంపితే ఆ పేరుతో ప్రోగ్రాములో వేరియబుల్ తనంతట తానే పుట్టే రిజిస్టర్ గ్లోబల్స్ అనే సదుపాయం అందులో ఉండేది. ప్రోగ్రామర్ ముందుగా విలువ ఇవ్వని అడ్మిన్ అనే పేరుకు బయటివాడు 1 రాసి పంపితే తలుపులు తెరుచుకునేవి. 2002లో వచ్చిన 4.2 సంచికలో దాన్ని మామూలుగా ఆపి ఉంచారు, 2012లో 5.4 సంచికతో పూర్తిగా తీసేశారు.

నేర్చుకునేవారు ఈ సంగతులన్నిటినీ తమ కళ్లతో చూడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. కంప్యూటరులో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ తెరిచి ఎఫ్ 12 నొక్కితే పక్కన గానీ కింద గానీ ఒక కిటికీ వస్తుంది. అందులో కన్సోల్ అన్న చోట ఒక్కో వరుస రాసి ఎంటర్ కొట్టాలి. 120 ప్లస్, కొటేషన్ గుర్తుల మధ్య 30 రాసి చూడండి. తర్వాత కొటేషన్లు తీసేసి చూడండి. టైప్‌ఆఫ్ అనే మాట పక్కన ఏ వేరియబుల్ పేరు రాసినా అది ఏ రకమో చెబుతుంది. మీ పేరు తెలుగులో రాసి దాని పొడవు అడగండి. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వేరియబుల్ నిర్వచనం బోర్డు మీద రాయించడంతో ఆపకుండా, మొదటి రోజే పిల్లలచేత మూడు గళ్ల బిల్లు పేజీ చేయించండి. తప్పు జవాబు రానివ్వండి, ఎందుకొచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి, ఆ తర్వాతే నంబర్ ఫంక్షన్ పేరు చెప్పండి.